పటంలో లేని మసి

పోటు ఇంకా తిరగలేదు. నీరు పూర్తిగా ఎక్కి, గట్టు రాళ్ళకి ఆనుకుని, ఎటూ పోకుండా నిలబడి ఉంది. అది సముద్రం వైపు తిరిగితేగాని తాడు విప్పనని పడవవాడు చెప్పేశాడు, చెప్పి గట్టు మీది సారాకొట్టులోకి వెళ్ళిపోయాడు, అందాకా ఈ తడి గోనెల మీద కూర్చోవడమే పని. కూర్చోవడం తనెకెన్‌కి కొత్తేమీ కాదు, పెళ్ళికి ముందు నుంచీ ఒకే బల్ల ముందు ఒకే కిటికీ కింద కూర్చుని బతికిన మనిషి, కానీ చేతిలో కుంచె లేకుండా ఇంతసేపు ఎలా కూర్చోవాలో తెలియడం లేదు, ఒళ్ళో ఉన్న చేతులు ఎవరో దాచమని ఇచ్చి వెళ్ళినట్టున్నాయి. వాన కాదు, మంచూ కాదు, రెంటికీ మధ్య ఏదో ముఖాన పడుతోంది. ఒళ్ళంతా అలసట. సామాను కట్టిన అలసట కాదిది, ముట్టడి నాటిది, ఊరంతా ఆకలితో పడుకుని ఆకలితో లేచిన ఏడాదిది, అప్పుడు తీరిక లేక లోపలే దాచుకున్నదంతా ఇప్పుడు, అన్నీ అయిపోయాక, ఎముకల్లోంచి ఊరుతోంది. ఎవరైనా వచ్చి అమ్మా నువ్వు ఇక్కడే ఉండిపో అంటే ఉండిపోతుంది, ఇంకెవరైనా వచ్చి బయల్దేరు అంటే బయల్దేరుతుంది, తనంతట తాను తేల్చుకునే ఓపిక లేదు.

తేల్చినవాడు గోమర్, ఆమె భర్త, పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవాడు, తన పనిముట్ల పెట్టె మీద తనే కూర్చుని, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు కాళ్ళతో బిగించి పట్టుకున్నాడు. వేసవి చివర్లో, ఏడాది ముట్టడి తర్వాత, ఈ ఊరు ఆంట్‌వెర్ప్ స్పెయిన్ రాజు సైన్యానికి లొంగిపోయింది, పాత మతంలోకి తిరిగొచ్చేవాళ్ళు ఉండవచ్చు, రానివాళ్ళు నాలుగేళ్ళలో ఆస్తులు అమ్ముకుని పోవచ్చు అని చాటింపు వేశారు. నాలుగేళ్ళుంది కదా అంది ఆమె. "నాలుగేళ్ళ పాటు దొంగ మోకాళ్ళ మీద కూర్చోలేను, తనే" అన్నాడు గోమర్, ఇంట్లో ఆమెని పిలిచేది అలాగే, అంతే, ఆ రాత్రే పనిముట్లకి నూనె రాయడం మొదలుపెట్టాడు. గోమర్‌కి కొత్త మతమంటే ప్రాణం. ఆమెకి రెండు చర్చిలూ ఒకటే, ఒకదాంట్లో బొమ్మలుంటాయి, ఒకదాంట్లో ఉండవు, బొమ్మలతో పొట్ట పోసుకునే ఆడదానికి ఏది నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు, అయినా ఆ మాట మొగుడి దగ్గర ఎన్నడూ అనలేదు, మంచివాడు, అరవడు, తాగినా పాటలే పాడతాడు.

"ఏమన్నా తింటావా?" అన్నాడు ఇప్పుడు, మూటలోంచి రై రొట్టె తీస్తూ.

"ఆకలిగా లేదు."

"ఈ ఊళ్ళో ఆ మాట విని ఏడాదైంది" అన్నాడు. ఆమె నవ్వలేదని చూసి రొట్టె మళ్ళీ మూటలో పెట్టేశాడు.

ఎదురుగా గీర్తె అనే ముసలావిడ, కళ్ళ మీద పాలపొర కమ్మినావిడ, మిడెల్‌బుర్గ్‌లో పెద్దకొడుకు దగ్గరికి పోతోందట, వీళ్ళు పోయేదీ ఆ ఊరికే, పడవ ఎక్కినప్పటి నుంచీ తిడుతూనే ఉంది, గోనెలు తడి అని, పడవవాడు తాగుబోతని, ఎవరో తన కాలు తొక్కారని. ఆ తిట్లు వింటుంటే ఒక రకంగా హాయిగా ఉంది, తను తిట్టాల్సినవన్నీ కూడా ఆవిడే తిడుతున్నట్టు. తనెకెన్ మాత్రం గట్టు మీద సరుకులెత్తే పెద్ద యంత్రం పక్కనున్న సందు వైపే చూస్తోంది. అక్క వస్తే ఆ సందులోంచే రావాలి. రాదు. తెల్లారి ఇల్లు వదిలేటప్పుడు కూడా వీపు తిప్పలేదు, బల్ల ముందు కూర్చుని లిస్బన్ ఇళ్ళ కప్పులకి సిందూరం పూస్తూనే ఉంది, వెళ్ళొస్తానక్కా అంటే కుంచె ఒక్కసారి ఆగింది, మళ్ళీ కదిలింది.

ఎన్ని ఊళ్ళకి రంగులేశారు ఇద్దరూ ఆ బల్ల మీద! లిస్బన్, కాన్‌స్టాంటినోపుల్, సముద్రాల అవతల సరస్సు నడుమ కట్టిన మెక్సికో, ఓడల్లో మిరియాలు పంపే తాటిచెట్ల కళ్ళికోట, అన్నీ పక్షి ఎగురుతూ కిందికి చూసినట్టు గీసిన పటాలు, ప్రతి వీధీ ప్రతి పెరడూ ప్రతి బావీ కనబడేవి. అచ్చుకొట్టు నుంచి రాగి రేకు మీంచి తీసిన నల్లటి కాగితాలు కట్టలుగా వచ్చేవి, వీళ్ళ ఇంటి నుంచి ఎర్రగా పచ్చగా తిరిగి వెళ్ళేవి. కప్పులూ గోడలూ అక్క కాటెలైన్ వంతు, నీళ్ళూ పొలాలూ మనుషుల బట్టలూ తన వంతు. కళ్ళికోట పటంలో ముందు వైపున ఒక ఏనుగు ఉండేది. అక్కాచెల్లెళ్ళు పెళ్ళి కాని రోజుల్లో ఒక ఏనుగుని ఓడ మీంచి ఈ గట్టు మీదే దింపితే ఊరంతా విరగబడి చూసింది, ఇద్దరూ చూశారు, అయినా బూడిద రంగని అక్క, కాదు మట్టి రంగని తను, అది బురదలో పొర్లిందే మొద్దూ అని అక్క, నీకు జనం తలకాయలే కనబడ్డాయి ఏనుగు ఎక్కడ కనబడింది అని తను, చివరికి ఇద్దరూ ఒప్పుకోక, ఆమె చేతికి వస్తే మట్టి ఏనుగు, అక్క చేతికి వస్తే బూడిద ఏనుగు, అలాగే అమ్ముడుపోయాయి, ఏ దేశంలో ఏ దొర గోడకి ఏ ఏనుగు వేలాడుతోందో. పటం ముందు గుట్ట మీద ఎప్పుడూ కొందరు మనుషులు నిలబడి ఉండేవాళ్ళు, ఆ ఊరి బట్టల్లో, ఆ బట్టలకి రంగులేస్తుంటే ఒకసారి అచ్చువేసే ఆయన చెప్పాడు, తురుష్కుల మతంలో మనిషి బొమ్మ నిషేధమట, అందుకని ముందు మనుషుల్ని పెడితే వాళ్ళు ఆ పటం చూసి మన కోటల గుట్టు తెలుసుకోలేరట. ఆయన వెళ్ళాక అక్క ముక్కు చీదినట్టు నవ్వింది. "మన మీదికొచ్చేది తురుష్కులైతే కదా" అంది. అప్పటికే స్పెయిన్ సైనికులు ఊరి పక్క కోటలో జీతాల్లేక గొణుగుతున్నారు.

నాన్న ఉంటే ఏమనేవాడో. నాన్న లంబెర్ట్ అలాంటి పటాల కోసమే చర్చి గోపురాలు ఎక్కేవాడు, మోకాళ్ళు అరిగేదాకా ఎక్కాడు, పైన గాలికి కాగితం ఎగరకుండా పళ్ళతో పట్టుకుని గీసేవాడట. చిన్నప్పుడు అడిగింది ఆమె, నాన్నా, గోపురం మీద నుంచి ఊరు ఇలాగే కనబడుతుందా అని. "ఏ గోపురం మీంచీ ఇలా కనబడదే పిచ్చిదానా" అన్నాడు, "ఇక్కణ్ణుంచి కాస్త, అక్కణ్ణుంచి కాస్త చూసి, కింద వీధుల్లో నడిచి కొలుచుకుని, ఇంట్లో కూర్చుని కుట్టుకోవాలి. ఈ ఊరిని ఇలా చూసినవాడు ఎవడూ లేడు." ఆ మాటకి అప్పుడు ఎంత దిగులేసిందో, ఎవరూ చూడని ఊరికి రంగులేయడమేమిటి అని, తర్వాత్తర్వాత అదే హాయి అయింది, ఎవరూ చూడలేదు గనక తప్పని ఎవరూ అనలేరు. వీధుల్లో పేడ వేయక్కర్లేదు, చెరసాల కిటికీల్లో చేతులు వేయక్కర్లేదు. మసి వేయక్కర్లేదు.

మసి. తొమ్మిదేళ్ళ కిందటి ఆ నవంబరు. జీతాలందని సైనికులు కోటలోంచి ఊరి మీద పడి, మూడు రోజులు, తలుచుకోకూడదు, తలుచుకోకూడదనుకుంటే ఇంకా ముందుకొస్తుంది, పురమందిరం తగలబడిన వెలుగులో ఎదురింటి మేక ఎర్రగా కనబడడం, అదొక్కటి ఎందుకో, మేక. అక్క అప్పటికి వేరే కాపురం, పురమందిరం వెనక వీధిలో, మొగుడు వౌటర్ తాళాలు చేసేవాడు, పాత మతమే, సైనికులదీ పాత మతమే, తలుపు తీసి శిలువ చూపించాడట, మనం మనం ఒకటే అన్నాడట. అక్క ఆ వేళ చెల్లెలి ఇంట్లో ఉండిపోవడం వల్ల బతికింది. చల్లారాక ఇద్దరూ వెళ్ళి చూస్తే ఇల్లు లేదు, వీధిలో సగం లేదు, బూడిద ఇంకా వెచ్చగా ఉంది. అక్క ఏడవలేదు. చెల్లెలింటికొచ్చి బల్ల ముందు కూర్చుంది, ఇక లేచి వెళ్ళలేదు. చలికాలం పోయాక ఆంట్‌వెర్ప్ పటాలు రంగులకి వచ్చాయి, రాగి రేకు పాతది, దాన్ని మార్చే తీరిక ఎవరికుంది, అందులో పురమందిరం చెక్కుచెదరకుండా ఉంది, వెనక వీధి ఉంది, వీధిలో అక్క ఇల్లు, వేలి గోరంత, పొగగొట్టంతో సహా ఉంది. అక్క కుంచె సిందూరంలో ముంచి, చర్చి కప్పు వేయకుండా, కోట బురుజులు వేయకుండా, ముందుగా ఆ గోరంత కప్పు వేసింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పటంలోనూ అంతే, ముందు అదే. తనెకెన్ చూసేది, చూడనట్టు నది వైపు తల వంచుకునేది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

అడగకపోవడమే మంచిదయిందా, ఏమో. అన్నీ మింగుకున్న తను మొన్న ఆకురాలు కాలం మొదట్లో ఒక్క మాట మింగుకోలేకపోయింది. ఆ అఘాయిత్యం తర్వాత ఊరివాళ్ళే పలుగులూ పారలూ తీసుకెళ్ళి సైనికుల కోటకి ఊరి వైపు గోడ పడగొట్టారు, ఆడవాళ్ళు కూడా మట్టి మోశారు, అక్కాచెల్లెళ్ళు ఒకే గంప చెరో పక్క పట్టుకుని మోశారు, అక్క ఆ రోజొక్కటే నవ్వింది. ఇప్పుడు ఊరు లొంగిపోయాక గోడ మళ్ళీ కడుతున్నారు, అచ్చుకొట్టులో అప్పట్లో రాగి రేకు మీంచి చెరిపేసిన ఆ గోడని కూడా మళ్ళీ చెక్కారు, కొత్త పాలకుడికి కానుకగా ఇవ్వడానికి ఒక పటం మంచి రంగులతో కావాలని పంపారు. తను చెయ్యనంది. అక్క కాగితం తన వైపు లాక్కుంది.

"వౌటర్ బావని చంపినవాళ్ళకా అక్కా నువ్వు రంగులేసి ఇచ్చేది?"

"రాజెవడైతే నాకేం, కప్పులు ఎర్రగానే ఉంటాయి."

"నీకు సిగ్గు లేదు."

అక్క తలెత్తి చూసింది. "వౌటర్ నా మొగుడు" అంది మెల్లగా. "ఆయన పేరు నువ్వు కోపానికి వాడుకోకు. నీకు వేరే ఊరుంది, ఎక్కడికో పోతావు, అక్కడ కోపంగా ఉండు. నేను ఇక్కడ ఉండాలి." తర్వాత మాటల్లేవు. ఒకే బల్ల, ఒకే గిన్నెలో నీళ్ళు, సిందూరం అటు జరుపు అని కూడా అనకుండా చేత్తోనే జరుపుకుంటూ, ఆకురాలు కాలం అంతా అలాగే గడిచిపోయింది. ఆ పటంలో ముందు ఏ కప్పు వేసిందో తనెకెన్ చూడలేదు, చూడకూడదనే లేచి వంటింట్లోకి పోయింది, ఇప్పుడు చూసి ఉండాల్సింది అనిపిస్తోంది, అదే వేసి ఉంటుంది, ఆ పాలకుడి గోడ మీద వౌటర్ ఇల్లు ఎర్రగా నిలబడి ఉంటుంది, అతనికి తెలియకుండా, అక్క చేసింది అదేనేమో, ఈ మాట అక్కడే తట్టి ఉంటే, వంటింట్లోంచి రెండడుగులు, ఏం పోయేది.

పడవ కింద ఏదో మెత్తగా కదిలింది. నీటి మీద తేలుతున్న గడ్డిపోచ, ఇందాకటి నుంచీ ఒకే చోట ఉన్నది, నెమ్మదిగా సముద్రం వైపు జరుగుతోంది. పడవవాడు మూతి తుడుచుకుంటూ వచ్చాడు, ఎక్కే చెక్క లాగేశాడు, గెడతో గట్టుని నెట్టాడు. అయిపోయింది అనుకుంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు, నిద్ర వచ్చింది.

"తనే! ఒసే తనే!"

సందులోంచి కాదు, ఎటు నుంచో జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, తల మీద గుడ్డ కూడా లేకుండా, రంగుల మరకల ముందుగుడ్డతోనే అక్క, ఎర్ర రంగు బుగ్గ మీద ఒకటి. గట్టు అంచున ఆగింది. పడవకీ గట్టుకీ మధ్య అప్పటికే దూకలేనంత నీళ్ళు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, అక్క నోరు తెరుస్తుంది, మూస్తుంది, రొప్పుతోంది.

"నీళ్ళకి పచ్చ ఎలా కలుపుతావే?" అని అరిచింది చివరికి.

గట్టు మీద ఎవరో పకపకా నవ్వారు. తనెకెన్‌కి మొదట అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. ఆ పచ్చ ఆమె ఒక్కతెకే వచ్చు. వీధిలో రంగులేసే ప్రతి ఇంటివాళ్ళూ దానికోసం చూశారు, ఎవరి పచ్చ అయినా కొన్నాళ్ళకి గోధుమ రంగుకి తిరిగి కాగితాన్ని తినేస్తుంది, ఆమెది నిలబడుతుంది, రేపు మిడెల్‌బుర్గ్‌లో తిండి పెట్టాల్సింది అదే, గోమర్‌కి కూడా చెప్పలేదు. ఆమె లేచి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఊరంతా వినేలా అరిచింది.

"రాగి చిలుము వినెగర్‌లో నానెయ్! పైన తేట తేలేదాకా కదపకు!"

"ఆఁ!"

"ఆ తేట ఒక్కటే తియ్యి! కుంకుమపువ్వు ఒక్క పోగు, ఎక్కువ వేశావంటే పసుపైపోతుంది! బంక! ఆఖర్న పులిసిన బీరు ఒక్క చుక్క!"

"ఏం బీరు?"

"ఏదైనా! గోమర్ తాగి మిగిల్చింది!"

"నేను మిగల్చడమా?" అన్నాడు గోమర్ వెనక నుంచి, పడవలో నవ్వులు. గట్టు మీద అక్క నవ్వలేదు. ముందుగుడ్డతో ముఖమంతా ఒక్కసారి తుడుచుకుంది, ఎర్ర రంగు చెవిదాకా పాకింది.

"నాకు తెలుసే!" అని అరిచింది. "ఎప్పట్నుంచో తెలుసు! పక్కనే కూర్చుంటాను కదే, నాకు కళ్ళు లేవా, ముక్కు లేదా!"

"మరెందుకు అడిగావ్?"

"ఏదో ఒకటి అడగాలి కదే! ఇంకేం అడగనూ!"

తనెకెన్ పడవ అంచు పట్టుకుంది. ఒక కాలు గోనె మీద పెట్టింది, ఎందుకో తనకే తెలియదు. గోమర్ ఆమె మోచెయ్యి పట్టుకోలేదు. "దిగాలనుంటే గెడ వెనక్కి వెయ్యమంటాను" అన్నాడు, ఆమెకి మాత్రమే వినబడేలా. "నిజంగానే చెప్తున్నాను. కోపంతో కాదు." అతని ముఖం చూసింది, బుగ్గలు లోపలికి పోయాయి, ముట్టడిలో తన వంతు రొట్టె సగం ఈమె పళ్ళెంలోకి తోసి నాకు కడుపునొప్పి అని అబద్ధమాడిన ముఖం. గట్టు వైపు చూసింది. రెండు వైపులా లాగుతుంటే మధ్యలో చిరిగిపోతున్నట్టు కాదు, అంత ఓపిక కూడా లేదు, ఎవరైనా చెప్తే బాగుండు, చిన్నప్పుడు చెప్పినట్టు.

"కూర్చోవే!" అని అరిచింది అక్క. "నీళ్ళలో పడతావ్! కూర్చో!"

ఆమె కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ ఆ గొంతు కూర్చోమంటే కూర్చున్నదే. గోమర్ తన పెట్టె వదిలేసి వచ్చి పక్కన గోనె మీద కూర్చున్నాడు. పడవ నది మధ్యకి పోయింది, గాలి తెరచాపని ఒక్క కుదుపు కుదిపి పట్టుకుంది, గట్టు అంచున ముందుగుడ్డ కట్టుకున్న ఆడమనిషి ఒకతె జనంలో ఒకతెగా అయింది, తర్వాత జనం ఒక మరకలా అయింది. ఇప్పుడు వచ్చింది ఏడుపు, చప్పుడు లేకుండా, ముక్కు కారుతూ, అలసిపోయినవాళ్ళు ఏడ్చే ఏడుపు. నది పచ్చగా లేదు, ఎప్పుడూ లేదు, నీళ్ళు కలిపిన మట్టి రంగు, ఇంత దగ్గరగా కూర్చున్నాక కూడా ఇందాకటి నుంచీ ఆ సంగతే గమనించలేదు. నీళ్ళ మీంచి చూస్తే ఊరు కూడా పటంలోలా లేదు, వీధులు లేవు, పెరళ్ళు లేవు, గట్టు గోడ వెనక ఒకదాన్నొకటి కప్పేసిన కప్పుల అంచులు, చర్చి గోపురం, అంతే, వెడల్పాటి తక్కువ ఎత్తు గీత ఒకటి. ఇన్నేళ్ళు పైనుంచి చూసిన ఊరిని పోతూ పోతూ పక్క నుంచి చూస్తోంది.

"అమ్మాయీ" అంది ఎదురుగా గీర్తె, తిట్లు ఎప్పుడు ఆపిందో, "నువ్వు ఊరి పటాలకి రంగులేస్తావటగా, మీ ఆయన చెప్పాడు. నీకు ఇళ్ళన్నీ తెలుస్తాయి. మా ఇల్లు కనబడుతోందా చూడు."

"ఎక్కడ పెద్దమ్మా?"

"గుర్రాల సంత వెనక సందు. బావి పక్కనే. మా చిన్నాడి పెళ్ళాం ఒక్కతే ఉంది. చిన్నాడు ముట్టడప్పుడు ఊరి బయట వరదకట్ట మీద పోరులో పోయాడు. రావే నాతో అంటే రానంది, మొండిది, మా ఆయన్ని ఇక్కడే పాతిపెట్టాను అత్తా అంటుంది, ఏం చెయ్యను."

గుర్రాల సంత వెనక సందు. తనెకెన్‌కి తెలుసు, బావి కూడా తెలుసు, చుక్కంత నీలం వేసేది దానికి. మధ్యలో రెండు వీధులు, ఒక మఠం గోడ, సారా కాచే ఇళ్ళు, గిడ్డంగులు. నది మీంచి ఆ సందు ఎవరికీ కనబడదు, ఏ పడవలోంచీ, ఏ తీరం నుంచీ. ఆమె ముక్కు తుడుచుకుని, భుజాల మీది గుడ్డ సర్దుకుని, ఊరి వైపు తిరిగింది.

"కనబడుతోంది పెద్దమ్మా."

"నిజంగా?"

"బావి పక్కనే కదా. కనబడుతోంది."

ముసలావిడ చూపులేని కళ్ళు అటే తిప్పింది. "పొగ వస్తోందా?"

"వస్తోంది."

"సన్నగానా, దట్టంగానా?"

"దట్టంగా."

"తడి కట్టెలు పెట్టుంటుంది" అంది గీర్తె. "ఎన్నిసార్లు చెప్పినా వినదు."